12 వోల్టుల నుంచి 3.3 వోల్టులకు దించడానికి చిన్న బోర్డులో ఏ బక్ చిప్ పెట్టాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు ఒకసారి చెబుతాను. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల గదుల్లో ఉష్ణోగ్రతను, తేమను నమోదు చేసి వైఫై ద్వారా పంపే చిన్న పరికరాన్ని మీరు తయారు చేస్తున్నారు. అందులో ఒక ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలరు చిప్) మాడ్యూలు, ఒక డిజిటల్ సెన్సారు ఉన్నాయి. బోర్డు 30 మిల్లీమీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల పొడవు దాటకూడదు. మామూలుగా 12 వోల్టుల అడాప్టరు నుంచి, కరెంటు పోయినప్పుడు 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ నుంచి అది నడవాలి. మొదట ఏఎంఎస్1117 అనే లీనియర్ రెగ్యులేటరు పెడితే వేలు పెట్టలేనంతగా వేడెక్కడమే కాక, పక్కనే ఉన్న సెన్సారు మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపించింది. తరువాత బజారులో దొరికే, ఎల్‌ఎం2596 అనే బక్ చిప్ ఉన్న మాడ్యూలు పెడితే వేడి తగ్గింది కానీ పెట్టె మూత పడలేదు. చిన్నదిగా ఉండి, వేడెక్కకుండా, చేత్తో సాల్డరింగ్ చేసుకోవడానికి వీలైన చిప్ ఏదని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఏపీ63203 పెట్టండి. ఇది 3.8 నుంచి 32 వోల్టుల వరకు తీసుకుని, బయట రెసిస్టర్లేమీ అవసరం లేకుండా నేరుగా 3.3 వోల్టులు ఇస్తుంది. 2 ఆంపియర్ల వరకు మోస్తుంది, 1.1 మెగాహెర్ట్జ్ వద్ద పని చేస్తుంది, ఎస్‌ఓటీ-23 తరహా ఆరు కాళ్ల ప్యాకేజీలో వస్తుంది కాబట్టి సన్నటి మొన ఉన్న సాల్డరింగ్ ఐరన్‌తో అతికించవచ్చు. ఇది దొరకకపోతే 36 వోల్టుల వరకు తట్టుకునే 600 మిల్లీఆంపియర్ల టీపీఎస్560430 కూడా మీ పనికి సరిపోతుంది. అయితే మీరు ఈ రెండు పేర్లు రాసుకుని వెళ్లిపోకుండా, నేను వాటిని ఎందుకు ఎంచుకున్నానో చదవండి. రేపు మీ పరికరం కోల్డ్ స్టోరేజీ నుంచి లారీలోకో పొలంలోని మోటారు స్టార్టరులోకో వెళితే నా జవాబు మారిపోతుంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా విజయవాడ ఆటోనగర్‌లో ఉంటూ వాహనాలకు, మోటారు స్టార్టర్లకు, కోల్డ్ స్టోరేజీలకు చిన్న చిన్న కంట్రోల్ బోర్డులు గీసి ఇస్తున్నాను. కింద రాసినవాటిలో చాలా భాగం చిప్‌లు కాల్చుకుని నేర్చుకున్నదే.

ముందుగా మీ ఏఎంఎస్1117 ఎందుకు అంత వేడెక్కిందో లెక్క చూద్దాం. లీనియర్ రెగ్యులేటరు మిగులు వోల్టేజీని మొత్తం వేడిగా వదిలేస్తుంది. 12 లోంచి 3.3 తీసేస్తే మిగిలేది 8.7 వోల్టులు. మీ బోర్డు సగటున 80 మిల్లీఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే 0.7 వాట్లు ఆ చిన్న ముక్కలోనే ఆవిరి కావాలి. చుట్టూ రాగి అంతగా లేని బోర్డులో ఆ ప్యాకేజీ వాటుకు దాదాపు 90 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది కాబట్టి, గది ఉష్ణోగ్రత కంటే అది అరవై డిగ్రీలు పైన ఉంటుంది. వైఫై ప్రసారం చేసే క్షణాల్లో ఈఎస్‌పీ32 దాదాపు 240 మిల్లీఆంపియర్లు లాగుతుంది, అప్పుడు రెండు వాట్లు దాటుతుంది. అదే పనిని 85 శాతం సామర్థ్యంతో నడిచే బక్ కన్వర్టరు (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ ఇండక్టరు అనే తీగ చుట్ట ద్వారా వోల్టేజీని దించేది) చేస్తే, సగటు లోడు వద్ద వృథా అయ్యేది 0.05 వాట్లకు లోపే. సెన్సారు తప్పుడు లెక్క చూపించడం కూడా దీనితోనే చాలా వరకు పోతుంది. మిగిలిన కొద్దిపాటి తేడా పోవాలంటే సెన్సారును బోర్డు చివరకు జరిపి, దానికీ మిగతా బోర్డుకూ మధ్య సన్నటి చీలిక కోయించండి.

ఇప్పుడు చిప్ ఎంపికకు వద్దాం. చాలామంది కరెంటు సామర్థ్యం దగ్గర మొదలుపెడతారు, "3 ఆంపియర్ల చిప్ అయితే భద్రం" అనుకుంటారు. నేను ఎప్పుడూ ఇన్‌పుట్ వోల్టేజీ దగ్గర మొదలుపెడతాను, అది కూడా అడాప్టరు మీద రాసి ఉన్న అంకెతో కాదు, ఆ తీగ మీద జీవితకాలంలో ఒక్కసారైనా కనిపించగల అత్యధిక వోల్టేజీతో. మా దగ్గరికి కాలిపోయి వచ్చే బోర్డుల్లో ఎక్కువ వాటికి లోడు ఎక్కువైన దాఖలా ఉండదు, ఇన్‌పుట్ వైపు ఏదో ఒక క్షణంలో హద్దు దాటిన గుర్తే ఉంటుంది.

మీ విషయంలో ఆ హద్దును దాటించే కారణాలు మూడున్నాయి. మొదటిది, కోల్డ్ స్టోరేజీ వాళ్లు మీరిచ్చిన అడాప్టరు పోగొట్టుకుని పాత ట్రాన్స్‌ఫార్మరు అడాప్టరు ఏదో తగిలిస్తారు. దాని మీద 12 వోల్టులని రాసి ఉన్నా, లోడు తక్కువగా ఉన్నప్పుడు అది 16, 17 వోల్టులు ఇవ్వడం మామూలే. రెండవది, కరెంటు పోయి డీజిల్ జనరేటరు అందుకునే క్షణంలో, కంప్రెసర్ల పెద్ద మోటార్లు ఆగి మొదలయ్యే క్షణంలో లైను మీద వచ్చే కుదుపులు.

మూడవది ఎవరూ పట్టించుకోనిది: వైర్ కొసను కరెంటు ఉండగానే బోర్డుకు తగిలించడం. ఇన్‌పుట్‌లో సిరామిక్ కెపాసిటరు ఒక్కటే ఉంటే, మీటరు పొడవున్న వైరులోని ఇండక్టెన్సు (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) దానితో కలిసి ఊయలలా ఊగుతుంది, మొదటి ఊపులో కెపాసిటరు మీది వోల్టేజీ సరఫరాకు దాదాపు రెట్టింపు వరకు వెళ్లగలదు. అంటే మీ 12 వోల్టుల బోర్డులో చిప్ కొన్ని మైక్రోసెకన్లపాటు 24 వోల్టులు చూస్తుంది. మల్టీమీటరుకు ఇది అందదు, ఆసిలోస్కోపు ఒక్కదానికే కనిపిస్తుంది. నేను మొదటిసారి దీన్ని చూసినప్పుడు ప్రోబు పాడైందనుకుని మార్చుకుని వచ్చాను.

ఈ కారణంగానే టీపీఎస్563201 వంటి మంచి చిప్‌ను, ఇదే చిన్న ప్యాకేజీలో 3 ఆంపియర్లు ఇస్తుందని తెలిసి కూడా, మీకు సిఫారసు చేయడం లేదు. దాని ఇన్‌పుట్ పరిమితి 17 వోల్టులు. రక్షణకు టీవీఎస్ డయోడు (వోల్టేజీ హద్దు దాటినప్పుడు దాన్ని అణిచిపెట్టే భాగం) పెట్టుకుంటే సరిపోదా అని అడగవచ్చు. 12 వోల్టుల లైనుకు మనం సాధారణంగా వాడే ఎస్‌ఎంఏజే15ఏ డయోడు, పూర్తి సర్జి కరెంటు మీద పడినప్పుడు వోల్టేజీని 24.4 దగ్గర ఆపుతుంది. 17 వోల్టుల చిప్‌కు ఆ రక్షణ ఉన్నా లేనట్టే. 32 వోల్టుల చిప్‌కు మాత్రం ఆ డయోడు నిజంగా గొడుగు పడుతుంది. చిప్ హద్దూ, రక్షణ డయోడు హద్దూ ఒకదానితో ఒకటి పొసగాలన్నది చాలా బోర్డుల్లో నాకు కనిపించని ఆలోచన. దీనితోపాటు ఇన్‌పుట్ సిరామిక్ పక్కన 47 లేదా 100 మైక్రోఫారడ్ల, 35 వోల్టుల మామూలు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు ఒకటి పెట్టండి. దానిలోని సహజమైన నిరోధమే ఆ ఊయలను ఆపుతుంది. అందుకయ్యే చోటు చూసి వెనుకాడవద్దు.

ఇన్‌పుట్ విషయంలో నేను దెబ్బ తిన్న సంగతి ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట లారీల కోసం చేసిన ట్రాకర్ బోర్డులో 28 వోల్టుల పరిమితి ఉన్న చిప్ పెట్టాను. లారీ బ్యాటరీ 24 వోల్టులు కదా, నాలుగు వోల్టులు మిగులున్నాయి కదా అనుకున్నాను. ఇంజను నడుస్తున్నప్పుడు ఆ లైను మామూలుగానే 28 వోల్టుల దగ్గర ఉంటుందని, బ్యాటరీ టెర్మినల్ వదులై ఊడితే ఆల్టర్నేటరు ఇంకా చాలా పైకి ఎగదోస్తుందని పుస్తకంలో చదివి కూడా, ధర తక్కువని దాన్నే వేశాను. బల్ల మీద వారం రోజులు చక్కగా నడిచిన బోర్డులు రోడ్డు ఎక్కాక ఒక్కొక్కటిగా తిరిగి వచ్చాయి. తప్పు పూర్తిగా నాదే. ఆ తరువాత 24 వోల్టుల వాహనానికి 60 వోల్టుల తరగతి చిప్, ఉదాహరణకు ఎల్‌ఎంఆర్16006 వంటిది, తప్ప మరొకటి తాకలేదు. అక్కడ వాడే 33 వోల్టుల టీవీఎస్ డయోడు 53 వోల్టుల దాకా పోనిస్తుంది కాబట్టి, ముందు చెప్పిన లెక్క ప్రకారం 36 లేదా 40 వోల్టుల చిప్ కూడా చాలదు.

కరెంటు సామర్థ్యం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఈఎస్‌పీ32 తయారీదారులు 500 మిల్లీఆంపియర్లకు తగ్గని సరఫరా ఉండాలంటారు. అంతకు ఒకటిన్నర రెట్లు నుంచి నాలుగు రెట్ల లోపు ఏదైనా బాగుంటుంది, 600 మిల్లీఆంపియర్ల చిప్ కూడా పని నడిపిస్తుంది. మరీ పెద్ద చిప్ తెస్తే దాని కరెంటు పరిమితి కూడా పెద్దదిగా ఉంటుంది, అప్పుడు షార్ట్ అయిన సమయంలో ఇండక్టరు తట్టుకోవలసిన కరెంటు పెరిగి ఇండక్టరు కూడా పెద్దది కావలసి వస్తుంది. చోటు తక్కువని చెప్పుకుంటూ 3 ఆంపియర్ల చిప్ వెతకడంలో ఇదే తిరకాసు. మీరు వైఫై బదులు పాత 2జీ మాడ్యూలు పెడితే మాత్రం లెక్క వేరు. ఎస్‌ఐఎం800 వంటిది ప్రతి 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి, అర మిల్లీసెకను పైచిలుకు సేపు 2 ఆంపియర్ల వరకు లాగుతుంది, దానికి 3.3 కాక 4 వోల్టులు కావాలి.

ఇక చోటు సంగతి. బోర్డు మీద చోటు తినేది చిప్ కాదు, ఇండక్టరు, కెపాసిటర్లు. వాటి పరిమాణాన్ని నిర్ణయించేది స్విచింగ్ ఫ్రీక్వెన్సీ. అవుట్‌పుట్ వోల్టేజీని, ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ ఉన్న తేడాతో గుణించి, ఆ ఫలితాన్ని ఇన్‌పుట్ వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, మీరు ఒప్పుకోగల అలల కరెంటు (ఇండక్టరులో కరెంటు పైకీ కిందికీ ఊగే మేర), ఈ మూడింటి లబ్ధంతో భాగిస్తే ఇండక్టెన్సు వస్తుంది. 12 నుంచి 3.3 వోల్టులకు, 0.6 ఆంపియర్ల అలకు, ఎల్‌ఎం2596 పని చేసే 150 కిలోహెర్ట్జ్ వద్ద దాదాపు 27 మైక్రోహెన్రీలు కావాలి, అంటే బజారులో దొరికే 33. అదే 1.1 మెగాహెర్ట్జ్ వద్ద 3.6 చాలు, అంటే 3.9 లేదా 4.7. మొదటిది మీ మాడ్యూలు మీద మీరు చూసిన నల్లటి దిమ్మ. రెండవది నాలుగు మిల్లీమీటర్ల చదరంలో, రెండు మిల్లీమీటర్ల ఎత్తులో ఇమిడిపోతుంది. మీ పెట్టె మూత పడకపోవడానికి కారణం ఈ ఒక్క అంకెలోనే ఉంది.

అలాగని ఫ్రీక్వెన్సీని ఎంత పెంచితే అంత మంచిదని కాదు. ప్రతిసారి స్విచ్ తెరుచుకుని మూసుకోవడంలో కొంత శక్తి పోతుంది కాబట్టి, ఎన్ని ఎక్కువసార్లు తిప్పితే అంత వేడి. దానికి తోడు ప్రతి చిప్‌కూ స్విచ్‌ను ఆన్‌లో ఉంచగల కనీస సమయం ఒకటుంటుంది, మామూలుగా 60 నుంచి 100 నానోసెకన్లు. మీ బోర్డులో 12 వోల్టుల వద్ద, 1.1 మెగాహెర్ట్జ్‌లో అవసరమైన సమయం 250 నానోసెకన్లు కాబట్టి ఇబ్బంది లేదు. కానీ 24 వోల్టుల నుంచి 2.1 మెగాహెర్ట్జ్ వద్ద 3.3 వోల్టులు తీయాలంటే కావలసింది 65 నానోసెకన్లే. ఆ స్థితిలో కొన్ని చిప్‌లు మధ్య మధ్య పల్సులు వదిలేస్తూ గజిబిజిగా నడుస్తాయి.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. 1.1 మెగాహెర్ట్జ్ అంటే మీడియం వేవ్ రేడియో పట్టీలో సరిగ్గా మధ్య చోటు. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంది, అక్కడి నుంచి ముల్లును కొంచెం కుడివైపుకు జరిపితే మీ బోర్డు గోల వినిపిస్తుంది. కార్లలో పెట్టే చిప్‌లు చాలా వరకు 2.1 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉండడానికి కారణం కూడా ఇదే, రేడియో పట్టీకి అవతల ఉండాలని. పాత ట్రాన్సిస్టరు రేడియో ఒకటి నా బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది. కొత్త బోర్డు రాగానే దాని పక్కన పెట్టి వింటాను. లేఅవుటు (భాగాల, రాగి తీగల అమరిక) బాగున్న బోర్డుకు జానెడు దూరం జరిపితే గోల తగ్గిపోతుంది, బాగాలేని బోర్డు గది అవతలికి కూడా వినిపిస్తుంది. ఖరీదైన కొలత పరికరాలు లేనివారికి ఇంతకంటే చవకైన పరీక్ష నాకు తెలియదు.

బ్యాటరీ మీద నడిచేటప్పుడు చిప్ తన కోసం తాగే కరెంటు చూసుకోవాలి. ఎల్‌ఎం2596 లోడు ఏమీ లేకపోయినా తన సొంత ఖర్చుకు 5 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. రోజుకు 120 మిల్లీఆంపియర్-అవర్లు. మీ 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీని సెన్సారు, వైఫై ఏమీ వాడకుండానే రెండు నెలలు తిరగకముందే అది ఖాళీ చేస్తుంది. ఏపీ63203 అదే స్థితిలో తీసుకునేది 22 మైక్రోఆంపియర్లు, రోజుకు అర మిల్లీఆంపియర్-అవరు పైచిలుకు. మీ ఈఎస్‌పీ32 పది నిమిషాలకొకసారి లేచి రీడింగు పంపి మళ్లీ నిద్రపోయేదైతే ఈ తేడాయే బ్యాటరీ ఆయుష్షు. అయితే తక్కువ లోడు వద్ద ఇలాంటి చిప్‌లు ఎడతెరిపి లేకుండా స్విచ్ చేయడం మాని, అవసరమైనప్పుడు మాత్రమే ఒక పల్సు వేస్తాయి కాబట్టి అవుట్‌పుట్ మీద అలలు కొంచెం పెద్దవి అవుతాయి. మీ సెన్సారు డిజిటల్ కాబట్టి పట్టించుకోనక్కరలేదు. థర్మిస్టరు పెట్టి అనలాగ్‌గా చదివేవారు మాత్రం ఒక రెసిస్టరు, కెపాసిటరుతో ఫిల్టరు కట్టుకోవాలి.

ఇప్పుడు మీ పరిసరాలకు ప్రత్యేకమైన విషయం, నేను 3.3 వోల్టులు స్థిరంగా ఇచ్చే రకాన్నే పట్టుబట్టడానికి అసలు కారణం. చాలా బక్ చిప్‌లలో అవుట్‌పుట్ ఎంత ఉండాలో రెండు రెసిస్టర్లు నిర్ణయిస్తాయి. వాటి మధ్య బిందువును చిప్ తనలోని 0.8 వోల్టుల ప్రమాణంతో పోల్చుకుంటుంది. బ్యాటరీ ఆదా చేయాలని చాలామంది పైన ఒక మెగా ఓము, కింద 316 కిలో ఓములు పెడతారు. పొడి గదిలో అది 3.33 వోల్టులు ఇస్తుంది. నేను కూడా ఒక కోల్డ్ స్టోరేజీకి ఇచ్చిన మొదటి విడత బోర్డుల్లో అలాగే పెట్టాను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సరుకు వచ్చే రోజుల్లో తలుపులు పొద్దస్తమానం తీసే ఉంటాయి, బయటి వేడిగాలి లోపలి చల్లటి బోర్డును తాకగానే దాని మీద మంచు పట్టినట్టు తేమ చేరుతుంది, దానిలో మిర్చి దుమ్ము కలుస్తుంది. ఆ పల్చటి తడి పొర రెండు ట్రాకుల మధ్య రెండు మెగా ఓముల రెసిస్టరులా పని చేయడానికి ఎంతో సేపు పట్టదు. కింది రెసిస్టరుకు సమాంతరంగా ఆ రెండు మెగా ఓములు చేరితే అవుట్‌పుట్ 3.73 వోల్టులకు వెళుతుంది, ఈఎస్‌పీ32 గరిష్ఠ పరిమితి 3.6. బోర్డులు మధ్యాహ్నం పిచ్చిగా ప్రవర్తించి, రాత్రికి తలుపులు మూశాక మళ్లీ బాగుపడేవి. వాటిని ఆఫీసుకు తెచ్చి చూస్తే ఏ లోపమూ కనిపించేది కాదు. కారణం పట్టుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. చివరకు మల్టీమీటరు పట్టుకుని, స్వెట్టరు వేసుకుని ఆ గదిలోనే కూర్చున్నాను.

ఇవే రెసిస్టర్లు 100 కిలో ఓములు, 31.6 కిలో ఓములు అయి ఉంటే అంత తడికీ అవుట్‌పుట్ 3.37 దాటేది కాదు. స్థిరమైన రకంలో ఆ విభజన చిప్ లోపలే జరుగుతుంది, బయటి కాలు నేరుగా అవుట్‌పుట్‌కే కలుస్తుంది, తడికి చిక్కే బిందువే ఉండదు. సర్దుబాటు రకమే వాడవలసి వస్తే పై రెసిస్టరు 100 కిలో ఓములు దాటనివ్వకండి, పోయే మైక్రోఆంపియర్లను పోనివ్వండి. ఏ రకమైనా సరే, సాల్డరింగ్ అయ్యాక ఫ్లక్సు శుభ్రంగా కడిగి, సెన్సారు ముఖానికి టేపు అంటించి, మిగతా బోర్డుకు కన్‌ఫార్మల్ కోటింగు (తడి తగలకుండా కాపాడే పల్చటి పూత) వేయండి. మన కోల్డ్ స్టోరేజీల్లో శీతలీకరణకు అమ్మోనియా వాడడం మామూలు, అమ్మోనియా తేమతో కలిసి రాగిని తినేస్తుందని గుర్తుంచుకోండి.

కెపాసిటర్ల విషయంలో ఒక్క హెచ్చరిక. సిరామిక్ కెపాసిటరు మీద 10 మైక్రోఫారడ్లని రాసి ఉన్నా, దాని మీద డీసీ వోల్టేజీ పడే కొద్దీ అసలు విలువ పడిపోతుంది. 25 వోల్టుల 0805 సైజు కెపాసిటరు 12 వోల్టుల వద్ద సగానికి దిగజారడం అసాధారణమేమీ కాదు. ఇన్‌పుట్‌కు 50 వోల్టుల 1206 సైజు ఎక్స్7ఆర్ రకం, అవుట్‌పుట్‌కు 10 వోల్టుల 22 మైక్రోఫారడ్లవి రెండు పెట్టండి. వై5వీ రకం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

ఇండక్టరును కొనేటప్పుడు మైక్రోహెన్రీలు ఒక్కటే చూసి కొనకండి. అది ఎంత కరెంటు వద్ద సంతృప్తమవుతుందో, అంటే దాని ఇండక్టెన్సు పడిపోతుందో చూడండి. ఆ కరెంటు చిప్ కరెంటు పరిమితి కంటే ఎక్కువ ఉంటే నిశ్చింత. అంత చోటు లేకపోతే కనీసం మీ గరిష్ఠ లోడుకు అలలో సగం కలిపిన దానికంటే బాగా ఎక్కువగానైనా ఉండాలి. చుట్టూ కవచం ఉన్న రకమే తీసుకోండి, యాంటెన్నా పక్కనే ఉంది కదా.

వేడి గురించి మీకు గదిలో ఇబ్బంది లేదు. కానీ ఇదే బోర్డును గోదాము రేకుల కింద గేట్‌వేగా, అంటే మిగతా బోర్డుల రీడింగులు అందుకుని బయటికి పంపేదానిగా, పెడతానని కూడా మీరు రాశారు. రెంటచింతల ఎండలు ఎరిగిన వాళ్లం మనం, బయట 45 డిగ్రీలున్న రోజున రేకుల కింద మూసిన పెట్టెలో 65 అనుకోవడం అతిశయోక్తి కాదు. అర ఆంపియరు లోడు వద్ద మీ చిప్ దాదాపు 0.3 వాట్లు వదులుతుంది, దానివల్ల మరో 30 డిగ్రీలు పెరిగినా 95 దగ్గర ఆగుతుంది, అది దాని హద్దు లోపలే. ముందుగా ఆయుష్షు తీరేది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు కాబట్టి 105 డిగ్రీల రకం కొనండి.

కొనుగోలు. ఇది మొహమాటం లేకుండా చెప్పవలసిన విషయం. చవకగా దొరికే ఎల్‌ఎం2596 మాడ్యూళ్లలో పేరు మార్చి ముద్రించిన చిప్‌లు విరివిగా ఉన్నాయి. ఒకసారి నేను ఒక దుకాణం నుంచి తెచ్చిన వాటి స్విచింగ్ కొలిస్తే 150 కిలోహెర్ట్జ్ బదులు 50 దగ్గర ఉంది, అంటే అలల కరెంటు మూడు రెట్లు, ఇండక్టరు కాగిపోతోంది. చిప్ మీది అక్షరాలు చూసి ఏమీ తెలియదు. అధీకృత పంపిణీదారుల దగ్గర ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే కొరియరు ఖర్చు ఎక్కువైనా, వంద బోర్డులకు పంచుకుంటే అది చిన్న మొత్తమే. మరొకటి, ఒకే కాళ్ల అమరికకు సరిపోయే రెండు వేర్వేరు చిప్‌లను ముందే వెతికి పెట్టుకోండి. ఎస్‌ఓటీ-23 ఆరు కాళ్లని రాసి ఉన్నంత మాత్రాన కాళ్ల వరుస ఒకటే అనుకోకూడదు, డేటాషీట్లు పక్కపక్కన పెట్టి ఒక్కో కాలూ చూసుకోవాలి. కాళ్లు లేకుండా అడుగున మాత్రమే ప్యాడ్లు ఉండే ప్యాకేజీలు ఇంకా చిన్నవి, కానీ వేడిగాలి యంత్రం, పేస్టు, స్టెన్సిల్ లేకుండా వాటి జోలికి పోవద్దు.

మీకు కావలసింది అయిదారు పరికరాలే అయితే నేను చెప్పిన ఈ శ్రమ కూడా అనవసరం. పాత 7805 లీనియర్ రెగ్యులేటరు చోట అలాగే కూర్చునే మూడు కాళ్ల రెడీమేడ్ కన్వర్టర్లు వస్తాయి. ఆర్-78ఈ3.3-0.5 అలాంటిదే, 7 నుంచి 28 వోల్టులు తీసుకుని 3.3 వోల్టుల వద్ద అర ఆంపియరు ఇస్తుంది, సెంటీమీటరు ఎత్తు ఉంటుంది. ఒక్కొక్కటి చిప్ కంటే చాలా ఖరీదు, కానీ లేఅవుటు తప్పులకు తావుండదు. యాభై దాటితే మాత్రం సొంతంగా గీయడమే లాభం.

గీసేటప్పుడు ఒక్క నియమం తప్పకుండా పాటించండి: ఇన్‌పుట్ సిరామిక్ కెపాసిటరు చిప్ ఇన్‌పుట్ కాలికీ గ్రౌండ్ కాలికీ ఆనుకుని, చిప్ ఉన్న వైపునే ఉండాలి. బక్ కన్వర్టరులో కరెంటు నిమిషానికి కోట్లసార్లు తెగి కలిసేది ఆ చిన్న చుట్టులోనే, ఆ చుట్టు విస్తీర్ణం పెరిగిన కొద్దీ గోల పెరుగుతుంది. బోర్డు గీసేవారు ముందు ఇండక్టరును అందంగా అమర్చి, కెపాసిటరును మిగిలిన మూలలో పడేస్తారు, అది తిరగబడిన వరుస. స్విచ్ కాలి నుంచి ఇండక్టరుకు పోయే రాగి పొట్టిగా ఉండాలి, వేడి పోతుందని దాన్ని విశాలంగా పరచవద్దు, అది యాంటెన్నా అవుతుంది. వేడి కోసం రాగి పరచవలసింది గ్రౌండ్ వైపు. అవుట్‌పుట్ వోల్టేజీని చిప్‌కు తెలిపే ఫీడ్‌బ్యాక్ తీగను ఇండక్టరు కింద నుంచి కాక, అవుట్‌పుట్ కెపాసిటరు దగ్గర మొదలుపెట్టి పక్క నుంచి తీసుకురండి. ఈఎస్‌పీ32 యాంటెన్నా ఉన్న అంచుకు ఎదుటి అంచున ఈ సర్క్యూటు మొత్తం పెట్టండి.

ఇంకా ఒక సౌకర్యం ఉంది, చాలామంది వదిలేస్తారు. చిప్‌ను ఆన్, ఆఫ్ చేసే ఈఎన్ అనే కాలుకు ఇన్‌పుట్ నుంచి రెండు రెసిస్టర్లతో విభజించిన వోల్టేజీ ఇస్తే, బ్యాటరీ 11 వోల్టుల లోపుకు పడగానే చిప్ తనంతట తానే ఆగిపోయేలా చేయవచ్చు. లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి చచ్చిపోకుండా ఇది కాపాడుతుంది. ఇక్కడ కూడా తడి సూత్రమే వర్తిస్తుంది కాబట్టి మరీ పెద్ద రెసిస్టర్లు వద్దు.

మొదటి బోర్డు చేతికి రాగానే ఈఎస్‌పీ32 అతికించకుండా ముందు సరఫరా భాగాన్ని మాత్రమే అతికించండి. 6.8 ఓములు, 5 వాట్ల రెసిస్టరును లోడుగా పెడితే దాదాపు అర ఆంపియరు పోతుంది. టీవీఎస్ డయోడు, ఈఎన్ రెసిస్టర్లు ఇంకా అతికించకుండానే, ఇన్‌పుట్‌ను 6 నుంచి 24 వోల్టుల వరకు మెల్లగా పెంచుతూ అవుట్‌పుట్ కదలకుండా ఉందో లేదో చూడండి. తరువాత వాటిని అతికించి, అడాప్టరు వైరును ఇరవై ముప్పై సార్లు కరెంటు ఉండగానే పీకి తగిలించండి, వీలైతే ఎవరిదైనా ఆసిలోస్కోపు తెచ్చి ఆ క్షణాన ఇన్‌పుట్ కాలి మీద వోల్టేజీ ఎంత ఎగిరిందో చూడండి. చివరగా కోటింగు వేసిన బోర్డును ఫ్రిజ్‌లో గంటసేపు ఉంచి, బయటకు తీసి వెంటనే ఆన్ చేసి, తేమ పట్టి ఆరే వరకు అవుట్‌పుట్ వోల్టేజీని రాసుకోండి. అది 3.2 కంటే తగ్గినా, 3.4 దాటినా ఆ అంకెలు, బోర్డు రెండు వైపుల ఫోటోలు ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.